సగం చక్రమే తొక్కుతాది

మా ఆయన నోరు అదుపులో పెట్టుకుని ఉంటే ఆ స్టూలు ఈ రోజుకీ మాదే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో ఇద్దరం పనిచేసేవాళ్లం. నాది చెరిగే పని, మా ఆయన సామ్యేలుది మిషను దగ్గర. ఒకనాడు మిషను బెల్టు ఆయన పంచెను లాక్కుంది, పంచెతో పాటు ఎడమ కాలినీ. డాక్టర్లు మోకాలి పైదాకా తీసేశారు. షావుకారు ఆసుపత్రికి వచ్చి, పండ్లు పెట్టి, పదిమంది వినేలా చెప్పాడు.

"నువ్వు బతికినన్నాళ్లూ గేటు కాడ స్టూలు నీదేరా సామ్యేలూ. కూచోని వచ్చే బండ్లు చూస్కో. కూలి మామూలే."

కాలు పోయినవాడికి కూర్చునే పని కంటే ఇంకేం కావాలి? నేను ఆ మనిషికి రెండు చేతులా దండం పెట్టాను. తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

స్టూలు దొరికింది, బువ్వ దొరికింది. కానీ ఉన్న ఒక్క కాలూ ఈయన్ని ఊరికే ఉండనివ్వలేదు. గోడకు ఆనించిన పాత సైకిలు మీద పడ్డాడు. కుడికాలితో తొక్కితే పెడలు కిందికి పోయి అక్కడే నిలిచిపోయేది. దాన్ని పైకి తేవడానికి రెండో కాలు లేదు కదా. పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. చివరికి సైకిలు షాపు దాసరయ్య దగ్గరికి పోయాడు.

"అన్నా, చక్రం తిరుగుతాంటే పెడలు దానంతట అదే పైకొచ్చేటట్టు చెయ్యలేవా?"

"ఫ్రీవీలు కదలకుండా బిగిస్తే వస్తాది. కానీ దిగుడులో గూడా కాలు ఆపేకి కుదర్దప్పా. చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాల్సిందే."

"తిరగనీలేన్నా. ఊరికే ఉండే కాలు నాకు యాడుంది?"

దాసరయ్య వెనక చక్రానికుండే ఫ్రీవీలు విప్పి, లోపల టికటికమనే ముక్కలు మళ్లీ కదలకుండా ఇత్తడి కరిగించి పోశాడు. వెనక్కి నొక్కినప్పుడు మరలు ఊడి రాకుండా దాన్ని చక్రం నడిమి హబ్బుకు కూడా అతికించాడు. దాంతో ఆ సైకిలుకు టికటిక పోయింది. చక్రమూ పెడలూ ఒకటైపోయాయి.

రాయి మీద నిలబడి ఎక్కడం, గోడ పట్టుకుని దిగడం నేర్చుకున్నాడు. ఆదివారం ఊతకర్రను సైకిలు కడ్డీకి కట్టుకుని ప్రార్థనకు గుడికి తొక్కుకుంటూ వచ్చాడు. పేటంతా బయటికొచ్చి చూసింది. నాకూ గర్వంగానే ఉంది, దాచడం ఎందుకు? కానీ ఇంటికి రాగానే చెప్పాను.

"మిల్లు కాడికి మాత్రం దీని మీద పోవాకు. కాలు లేదని గదా నిన్ను కూచోబెట్టినారు."

"పిచ్చిదానా, నేను పనికొస్తానంటే షావుకారు సంతోషపడతాడు గానీ, కోప్పడతాడా?" అని నవ్వాడు.

ఆ మాటే మమ్మల్ని ముంచింది.

కొన్నాళ్లకు ఆళ్లగడ్డ వ్యాపారికి బియ్యం మచ్చు పంపాల్సి వచ్చింది. పొద్దున బస్సు చెడిపోయింది. ఆ రోజే మచ్చు చూపించకపోతే బేరం ఇంకో మిల్లుకు పోతుందని షావుకారు గేటు దగ్గర తిరుగుతూ గింజుకుంటున్నాడు. మా ఆయన స్టూలు మీంచి లేచి, "నేను పోతా సామీ" అన్నాడు. మచ్చు మూటలు మెడకు తగిలించుకుని శిరివెళ్ల మీదుగా పోయి, బేరం ఖాయం చేయించుకుని, పొద్దు గుంకేవేళకు తిరిగొచ్చాడు. కాలు వణుకుతోంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఒంటికాలితో ఎట్లా తొక్కినావురా?" అన్నాడు షావుకారు.

"నేను తొక్కేది సగమే సామీ. మిగతా సగం చక్రమే తొక్కుతాది."

అందరూ నవ్వారు. షావుకారు కూడా నవ్వి భుజం తట్టాడు.

సోమవారం మేము వెళ్లేసరికి షావుకారి బామ్మర్ది స్టూలు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆళ్లగడ్డకు పొయ్యొచ్చినోడివి, నిన్ను గేటు కాడ కూచోబెడితే నాకే నామర్దా. ఇంకమీదట మచ్చులూ చీటీలూ నువ్వే తీస్కపో" అన్నాడు షావుకారు.

"ఒంటికాలు మనిషి సామీ, దినామూ అంత దూరం ఎట్లా పోతాడు?" అన్నాను నేను. నా మాట షావుకారి చెవికి చేరనే లేదు.

ఆ వారమంతా తొక్కాడు. మోకాలు వాచింది. దిగుడులో కూడా ఆగని పెడలు ఆ కాలిని తిప్పుతూనే ఉంది. శనివారం కూలి చేతిలో పెడితే ఎప్పుడూ ఇచ్చేదాంట్లో సగమే ఉంది. పొరపాటు పడ్డారేమోనని మా ఆయన చెయ్యి చాపి చూపించాడు.

షావుకారికి కోపమేమీ రాలేదు. "నువ్వే గదరా చెప్తివి, సగం చక్రమే తొక్కుతాదని! నువ్వు తొక్కినదానికి ఇస్తిని. చక్రానికి గూడా కూలి ఇయ్యాల్నా?"

గేటు దగ్గర అందరూ పగలబడి నవ్వారు. స్టూలు మీదివాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు.

ఇంటికొచ్చి అరిచాను. "ఇప్పుడే దాసరయ్య కాడికి పో. ఆ ఇత్తడి పీకిచ్చి, మామూలు ఫ్రీవీలు ఏపిచ్చుకో. తొక్కడం నాకు చేతగాదని చెప్పు."

ఆయన వాచిన మోకాలిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"స్టూలు ఎట్లాగూ రాదు మే. అది పీకిస్తే ఈ సగం గూడా రాదు."