అడ్వాన్సు దణ్ణం

నేను ఒక మంచం నవారును. ఇప్పుడు మాత్రం అందరూ నన్ను నిచ్చెన అంటున్నారు. ఎక్కడానికి పనికిరాని నిచ్చెనను, ఎప్పుడూ నేలమీద పడుకునే ఉంటాను. పడుకోవడం నాకు కొత్తేమీ కాదనుకోండి.

చీరాల వైపు ఒక మగ్గం మీద పుట్టాను. తెల్లటి ఒళ్ళు, అంచుకు నీలం గీత. నరసరావుపేట దగ్గర ఒక ఇంట్లో మంచానికి అల్లారు. మనుషుల న్యాయం ఎలాంటిదంటే, నిద్ర బాగా పడితే గాలి చల్లగా ఉందంటారు, నడుం పట్టేస్తే నవారు వదులైందంటారు. ఆ ఇంటి పెద్దావిడకు నడుం పట్టేసింది. డాక్టరు బల్లమీద పడుకోమన్నాడు. నన్ను విప్పి అటకమీదికి విసిరారు.

ఆవిడ అల్లుడు మస్తాన్‌వలి హైస్కూల్లో ఆటల మాస్టారు. తన ఆడపిల్లల వాలీబాల్ జట్టుకు కాళ్ళూ చేతులూ కలిసి పనిచేయడం నేర్పాలని ఆయన తపన. ఆ పిల్లల చేతులు ఇక్కడుంటే కాళ్ళు పక్కూళ్ళో ఉండేవి. ఎక్కడో ఎవరో నేలమీద పరిచిన నిచ్చెన గళ్ళలో చకచకా అడుగులేయడం ఆయన ఫోనులో చూశాడు. వెంటనే అటకెక్కి నన్ను దించి, ముక్కలు కోసి, దబ్బనంతో గళ్ళు గళ్ళుగా కుట్టాడు. ఆయన కుట్టు సంగతి అడక్కండి. ఒక గడిలో ఏనుగు పడుతుంది, పక్క గడిలో ఎలక ఇరుక్కుంటుంది. మొదటిరోజు నన్ను గ్రౌండులో పరవగానే పిల్లలు తొక్కుడుబిళ్ళ అనుకుని పెంకుముక్క కోసం వెతికారు.

వాళ్ళలో తొమ్మిదో తరగతి కోటేశ్వరి జట్టుకు లిఫ్టరు. అంటే, కొట్టేవాళ్ళకు బంతిని వాటంగా పైకెత్తి అందించే పిల్ల. చేతులు బంగారం. కాకపోతే కాలు దేనికి తగిలినా సరే, వంగి, దాన్ని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుని గాని కదలదు. నాయనమ్మ పెంపకం. మనిషికి తగిలినా అంతే, బంతికి తగిలినా అంతే, నా అంచుకు తగిలినా అంతే. ఇన్నేళ్ళు ఇంతమందిని మోశాను, నాకు దణ్ణం పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పిల్లంటే నాకు ప్రాణం.

సారుకు మాత్రం ప్రాణం పోయేది. ఒకరోజు ఆట మంచి ఊపులో ఉండగా కోటేశ్వరి కాలు మేరీ సునంద కాలికి తగిలింది. జట్టులో అందరికన్నా పొడుగు సునందే, బంతిని బలంగా కొట్టేదీ తనే. ఆమె కొట్టడానికి గాల్లోకి లేచింది. బంతి అందించాల్సిన కోటేశ్వరి సునంద బూటు కోసం వంగింది. బంతి వచ్చి వీపుమీద దబ్బుమంది.

"ఏందమ్మే ఇది! ఆటా, పేరంటమా?" అని అరిచాడు సారు.

"ఆపుదామనే అనుకుంటా సార్. చెయ్యి ఆగట్లా."

"శనివారం పోటీలు. శుక్రవారం దాకా చూస్తా. అప్పటికీ ఆగకపోతే ఇంకో పిల్లని దించుతా, నువ్వు పక్కన కూర్చో."

ఆ సాయంత్రం కోటేశ్వరి నా మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నాకు గుండె లేదంటారు గాని, కుట్లన్నీ బిగుసుకుపోయాయి. మర్నాడు చేతులు చున్నీతో కట్టించుకుని నా గళ్ళలో పరిగెత్తి బోర్లా పడింది. సునంద జాలిపడి, కాలు తగలకముందే "పర్లేదే, పర్లేదు!" అని అరిచి చూసింది. ఆ అరుపుకు కంగారుపడి కోటేశ్వరి రెండు దణ్ణాలు పెట్టింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని సారు నెత్తి పట్టుకున్నాడు.

శుక్రవారం ఉదయం ఆ పిల్ల వస్తూనే జట్టంతటినీ వరసగా నిలబెట్టింది. ఒక్కొక్కరినీ తాకి కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత బంతికి, నెట్టు కర్రలకు, చివర నాకు.

"మళ్ళీ ఇదేందే?" అన్నాడు సారు.

"అడ్వాన్సు దణ్ణం సార్. నాయనమ్మను అడిగా. పొద్దున్నే అందరికీ కలిపి ఒక్కసారి పెట్టుకుంటే సాయంత్రం దాకా చెల్లుద్దంట."

నా గళ్ళలోకి దిగింది. ఎలక గడిలో కాలు తగిలింది. చెయ్యి కిందికి కదిలింది, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది, మళ్ళీ పైకి పోయింది. ఇక చూడండి, ఆ కాళ్ళు నా మీద గారెల మూకుట్లో నూనెలా చిటపటలాడాయి. సారు ఈల వేయడం కూడా మరిచిపోయాడు. రోజంతటికీ నాకు దక్కింది ఒక్క దణ్ణమే. కొంచెం బాధేసింది, దాచుకోవడమెందుకు.

శనివారం పొద్దున్నే కోటేశ్వరి అడ్వాన్సు దణ్ణాలయ్యాక పోటీలకు నన్నూ తీసుకెళ్ళి కోర్టు పక్కన పరిచారు. అవతల పక్క మండలం జట్టు. ఆట నువ్వా నేనా అన్నట్టు సాగి ఆఖరి పాయింటు దాకా వచ్చింది. బంతి నెట్టు దగ్గరికి దిగుతోంది. కోటేశ్వరి దూసుకెళ్ళింది. అడ్డుకోవడానికి అవతలి లిఫ్టరూ వచ్చింది. నడిగీత మీద ఇద్దరి కాళ్ళూ ఠపీమని తగిలాయి.

కోటేశ్వరి చెయ్యి జానెడు కిందికి దిగి, మళ్ళీ లేచి, బంతిని సునందకు అందించింది. అవతలి పిల్ల మాత్రం నిలువునా వంగి, నెట్టు కింద నుంచి కోటేశ్వరి బూటు తాకి కళ్ళకద్దుకుంటోంది. సునంద కొట్టిన బంతి ఆ పిల్ల వీపుమీద పడి బయటికి పోయింది.

మావాళ్ళు గెలిచారు. పిల్లలు సారును ఎత్తబోయి కింద పడేశారు. ఆ గోలలో కోటేశ్వరి లేదు. ఓడిన జట్టు మాస్టారు "నువ్వు ఇంక ఆడక్కర్లేదు" అని కేకలేస్తుంటే నిలబడి ఏడుస్తున్న ఆ లిఫ్టరు దగ్గరుంది. చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది. ఆ పిల్ల ఏడుపు ఆపింది.

కోటేశ్వరి తిరిగొచ్చాక సారు లబలబలాడాడు. "ఆ మందు వాళ్ళకెందుకు చెప్పావమ్మే! వచ్చే ఏడు మళ్ళీ వాళ్ళతోనే ఆడాల గదా!"

"వాళ్ళ నాయనమ్మ పోయిందంట సార్. ఇంక ఎవరినడుగుద్ది?"

నన్ను చుడుతున్న సారు మళ్ళీ పరిచి, "ఓ పిల్లా, ఇటు రామ్మా, ఒకసారి దీంట్లో నడువు" అని కేకేశాడు. ఆ పిల్ల బెరుగ్గా వచ్చి అడుగేసింది. మొదటి గడిలోనే కాలు తగిలింది. చెయ్యి కిందికి దిగబోయి, మధ్యలో ఆగింది. పొద్దున్నే తను అడ్వాన్సు దణ్ణం పెట్టుకోలేదని గుర్తొచ్చింది కాబోలు, కోటేశ్వరి వైపు చూసింది.

"ఇయ్యాల్టికి నా దాంట్లో కలుపుకో," అంది కోటేశ్వరి.

ఆ పిల్ల చివరి గడి దాకా ఆగకుండా పరిగెత్తింది.