గడియ బావ తెచ్చిన కిటికీ

పొద్దున్నే నారుకి నీళ్లు పెట్టడం, పెడుతూ పెడుతూ అద్దాల్లో వాళ్లతో పోట్లాడటం ఆ ఇల్లాలికి అలవాటు. పెరట్లో అద్దాల గది కట్టింది ఆవిడ మొగుడే. ఉత్తరాలు వేరుచేసే పనినుంచి రిటైరైనా ఊళ్లో ఇప్పటికీ తపాలాయనే. కూలగొట్టిన ఇళ్లవీ, బడిదీ కిటికీలు పదకొండు, పాత మంచం చట్రం, పైన మందపాటి ప్లాస్టిక్ కవరు, తలుపుకి బందుల బదులు సైకిల్ ట్యూబు ముక్కలు. కొన్నది మేకులే. అందులో ఆవిడ నారు పెంచి అమ్ముతుంది.

పాత అద్దాల సంగతి తెలిసిందేగా! పొద్దుటెండ పడితే చాలు, అదే తారీఖున ఒకప్పుడు తాము చూసినవాటిల్లో మరిచిపోలేనిదేదో చూపిస్తాయి. తలుపు పక్క వంటింటి కిటికీలో ఎవరో లావుపాటావిడ ఉల్లిపాయలు మాడ్చేస్తుంటే, "మంట తగ్గించవే తల్లీ!" అని ఇల్లాలు అరిచేది. బడి కిటికీ ముందు మిరప నారు నిటారుగా లేచింది, పంతులుగారి భయం కాబోలు.

పన్నెండో కిటికీని ఆవిడ అన్నయ్య తెచ్చాడు. తపాలా ఆఫీసు పడగొడుతుంటే అడిగి, రెండు వీధులు భుజాన మోసుకొచ్చాడు.

"మనం పనిచేసిన గదిదే బావగారూ. పనికొస్తుందని తెచ్చాను."

తపాలాయన కిటికీ అందుకోబోయి ఆగిపోయాడు.

ఈ అన్నయ్యని ఊరంతా గడియ బావ అంటుంది. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూస్తాడు. అలా మూడుసార్లు. అందరూ లెక్కపెట్టి నవ్వుతారు, తపాలాయనా నవ్వేవాడు. పద్నాలుగేళ్ల కిందట ఉత్తరాల గదిలో కిటికీ గడియ పెట్టడం మరిచిపోయాడని, వాన కొట్టి నాలుగు సంచుల ఉత్తరాలు ముద్దయ్యాయని గడియ బావ ఉద్యోగం ఊడింది. మొదట్లో "పెట్టానండీ" అన్నాడు. అందరూ కాదు కాదంటుంటే "మరిచిపోయానేమో" అన్నాడు. అప్పట్నించీ గొడుగులు బాగుచేస్తూ బతుకుతున్నాడు. తన చేతిని తనే నమ్మడు.

ఆ గడియ తీసింది తపాలాయన. బీడీ కాల్చుకోవడానికి. పైఅధికారి కేకేస్తే కిటికీ అలాగే వదిలేసి పరిగెత్తాడు. తర్వాత చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాడు, ప్రతిసారీ సిగ్గుతో చచ్చాడు, చెప్పలేదు. అంత చవట మనిషి.

కిటికీ బిగించిన సాయంత్రమే దానికి చిక్కగా సున్నం పూశాడు. ఎండ ఎక్కువని పెళ్లానికి చెప్పాడు.

"మిగతా పదకొండు కిటికీలకీ లేని ఎండ దీనికొక్కదానికేనా?" అని ఆవిడ గొణిగింది.

నెల తిరిగేసరికి దాని కింద టమాటా నారు పాలిపోయి, పీలగా సాగి, నేలకి ఒరిగిపోయింది.

వాన కురిసిన తారీఖు రానే వచ్చింది. ఆ పొద్దున తపాలాయన అద్దాల గదిలోకి వెళ్లేసరికి గడియ బావ బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని కిటికీ ముందు నిలబడి ఉన్నాడు. చెల్లెలు కబురు పెట్టిందట.

"ఏమనుకోకండి బావగారూ. మంచి కిటికీయో కాదో చూసుకోకుండా తెచ్చుంటాను. నారంతా పాడైంది. నా చెయ్యే అంత, ఏం చేస్తాం!"

తపాలాయనకి తల కొట్టేసినట్టయింది. దీనికి కూడా ఈయనేనా?

"ఆ గుడ్డ ఇలా ఇవ్వండి," అన్నాడు. "మీరు కూర్చోండి." నారుకి నీళ్లు పెడుతున్న పెళ్లాం వైపు తిరిగి, "నువ్వూ ఉండవే," అన్నాడు.

తనే కడిగాడు. సున్నం నీళ్లు మోచేతులదాకా కారాయి. ఎండ పడింది. అద్దంలో ఉత్తరాల గది కనిపించింది. నల్లజుట్టు గడియ బావ కిటికీ మూసి, గడియ పెట్టి, ఒకసారి లాగి చూసి వెళ్లిపోయాడు. కాసేపటికి నోట్లో బీడీతో తపాలాయన వచ్చాడు. గడియ తీశాడు. ఎవరో పిలిచినట్టు తల తిప్పి, పరిగెత్తాడు. అద్దం మీద చినుకులు పడ్డాయి.

"నేనే బావగారూ," అన్నాడు తపాలాయన. "చెప్పడానికి సిగ్గేసింది."

"మా అన్నయ్యని చూసి అందరూ నవ్వుతుంటే," అంది ఇల్లాలు, "నువ్వూ నవ్వావు కదయ్యా!"

గడియ బావకి ఈ మాటలేవీ వినబడినట్టు లేదు. అద్దం వంకే చూస్తున్నాడు.

"పెట్టానన్నమాట," అన్నాడు మెల్లగా. "లాగి కూడా చూశాను."

లేచి, పెరటి గేటు దాటి, బయటినుంచి గడియ పెట్టి నడవడం మొదలుపెట్టాడు. ఎలాగూ వెనక్కొస్తాడు, మూడుసార్లు వస్తాడు, అప్పుడు చేతులు పట్టుకుని క్షమించమందామని తపాలాయన గేటు దగ్గరే నిలబడ్డాడు.

గడియ బావ వీధి చివర మలుపు తిరిగాడు. మరి వెనక్కి రాలేదు.