గీత పెట్టని నట్టు

నూట పదమూడు, నూట పద్నాలుగు... మేస్త్రి పెదవులు కదులుతున్నాయి, కళ్ళు మాత్రం ఆయిలు ముల్లు మీద ఉన్నాయి. నూట ఇరవై వచ్చాక తాళం తిప్పి ఇంజను ఆపాడు. బండి షెడ్డులోంచి అడుగు కూడా కదల్లేదు. అయినా లెక్క లెక్కే.

ఎనభైల నాటి స్పోర్ట్స్ కారది. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నేలకు ఆనుకున్నట్టుండే నడుము. పొగ బయటికి పోయే దారిలో అరచేతిలో పట్టేంత చక్రం ఒకటుంటుంది. అదే టర్బో. పొగ తోపుడుకు గిర్రున తిరిగి ఇంజనుకు గాలి ఎక్కిస్తుంది. బండి పరుగెత్తి వచ్చాక ఆ చక్రం నిప్పులా కాలుతుంటుంది. దాన్ని చల్లబరిచేది సన్నటి గొట్టంలోంచి వచ్చే ఆయిలే. బండి ఆగగానే ఇంజను ఆపేస్తే ఉన్న ఆయిలు కాస్తా అక్కడే మాడి బొగ్గవుతుంది. అందుకని రెండు నిమిషాలు ఆగాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అలా ఆగనివాణ్ణి మేస్త్రి ఆ సీట్లో రెండోసారి కూర్చోనివ్వలేదు. యజమాని బావమరిదికి కూడా ఆ శిక్ష తప్పలేదు.

యజమాని పళ్ళ డాక్టరు; షెడ్డూ ఆయనదే. ఈ మధ్య చూపు మందగించి నడపలేకపోతున్నారు. అందుకే అమ్మకం. కొనడానికి డ్రైవింగు స్కూలు నడిపే ఆవిడ పది గంటలకు వస్తానంది.

మేస్త్రికి అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు, చొక్కా జేబు మూల ఎర్రటి మరక. అది గోళ్ళరంగు. బిగించిన ప్రతి నట్టు మీదా గోళ్ళరంగుతో ఓ గీత పెట్టడం అతని పద్ధతి. గీత ఉంటే బిగించినట్టు, లేకపోతే లేనట్టు, మధ్యలో మాట లేదు. "నా గోళ్ళకన్నా ఆ బండి నట్లే ఎక్కువ సింగారించుకున్నాయి" అని భార్య ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

బండి కొనే ఆవిడ అన్న వేళకే వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, డాక్టరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని గుట్టమీది రోడ్డుకు బయలుదేరింది. 

"పైకెళ్ళాక వెంటనే ఆపకండమ్మా. రెండు నిమిషాలు" అన్నాడు మేస్త్రి.

"గుర్తుంచుకుంటాను మేస్త్రిగారూ."

చప్పుడు మలుపు తిరిగి వినబడకుండా పోయాక, మేస్త్రి స్పానర్లు తుడిచి వరసగా పెట్టాడు. అలవాటుకొద్దీ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. జేబులో గోళ్ళరంగు సీసా లేదు. ఇంటికి ఫోను చేశాడు.

"మొన్న చొక్కా ఉతికేటప్పుడు తీసి కిటికీలో పెట్టానండీ. మీరే మళ్ళీ తీసుకెళ్ళలేదు" అంది భార్య.

మొన్న. టర్బోకు వెళ్ళే ఆయిలు గొట్టం విప్పి కడిగి, తిరిగి పెట్టింది నిన్న సాయంత్రం. అంటే ఆ నట్టు మీద గీత లేదు.

మేస్త్రి నిన్నటి సాయంత్రాన్ని వరసగా గుర్తు చేసుకున్నాడు. నట్టును వేళ్ళతో తిప్పి ఎక్కించడం గుర్తుంది. అప్పుడే డాక్టరుగారు పిలిచి, రేపు బండి చూడ్డానికి వస్తున్నారని చెప్పారు. మనసు కలుక్కుమంది. ఆ తరవాత స్పానరు పెట్టాడా? ఎంత తవ్వుకున్నా ఏమీ దొరకలేదు. వేళ్ళతో తిప్పిన నట్టు షెడ్డులో నిలకడ మీద పట్టే ఉంటుంది. గుట్ట ఎక్కేటప్పుడు అదురుకు వదులైతే, కాలుతున్న ఇనుము మీద ఆయిలు చిమ్ముతుంది. మంట లేవడానికి క్షణం చాలు.

ఆవిడ నంబరు అతని దగ్గర లేదు. డాక్టరుగారికి ఫోను చేశాడు. అది షెడ్డు అల్మరాలోనే, ఆయన కళ్ళజోడు పక్కన మోగింది.

మంటలార్పే సిలిండరు మోపెడ్ ముందు పెట్టుకుని బయలుదేరాడు. అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతం వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. ప్రతి మలుపులోనూ ముందు పొగ కోసమే చూశాడు. మోపెడ్ మూలుగుతూ ఎక్కుతోంది. దిగి తోసుకుంటూ పరుగెత్తితే మేలేమో అనిపించింది.

అవతలి వాలుదాకా పోయి అప్పుడే తిరిగొచ్చినట్టుంది, గుట్టపైన చదును నేలలో కారు నిలబడి ఉంది. ఇంజను ఆడుతూనే ఉంది. ఇద్దరూ లోపల కదలకుండా కూర్చుని, బుద్ధిగా అతని రెండు నిమిషాలు లెక్కపెడుతున్నారు.

"ఆపేయండి! ఆపేయండమ్మా, తాళం తీసేయండి!"

ఆవిడ బిత్తరపోయి తాళం తీసింది. "ఇంకా నలభై సెకన్లున్నాయి. ఆగమన్నది మీరే కదండీ?"

"దిగండి. ఇద్దరూ దూరంగా వెళ్ళండి" అన్నాడు మేస్త్రి.

బానెట్ ఎత్తాడు. వేడి మొహాన కొట్టింది. గుడ్డ చుట్టిన చేత్తో నట్టుకు స్పానరు తగిలించి లాగాడు. కదల్లేదు. ఇంకోసారి లాగాడు. కదల్లేదు. గొట్టం పొడిగా ఉంది.

ఇంకొకరికైతే ప్రాణం లేచొచ్చేది. మేస్త్రి స్పానరు పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. తాను చేసిన తప్పు ఉంటుందేమోనని వచ్చాడు, తాను చేసిన పని కనబడింది. ఆ పని చేసినట్టు అతనికి తెలియదు.

దాచలేదు. జరిగిందంతా ఇద్దరికీ చెప్పాడు.

"బిగించే ఉంది కదయ్యా, ఇంకేం?" అన్నారు డాక్టరుగారు.

"చెయ్యి బిగించిందండీ. నాకే తెలీదు."

ఆవిడ బానెట్ మూసింది. "బండి తీసుకుంటాను. మేస్త్రిగారే చూస్తూ ఉండాలి. అదొక్కటే నా షరతు."

"ఆ షరతు వద్దమ్మా. ఇవాళ మధ్యలో ఆపించాను కాబట్టి రేపే ఆయిలు మార్పించండి. వేరే ఎవరిచేతనైనా."

"ఒక్కసారి మర్చిపోయినదానికి ఇంతా?" అన్నారు డాక్టరుగారు.

"ఒక్కసారో కాదో, అదే తెలీడం లేదు డాక్టరుగారూ."

సాయంత్రం ఆవిడ బండి తీసుకెళ్ళిపోయింది. గేటు దాటేటప్పుడు వెనక దీపాలు ఒకసారి వెలిగాయి. మేస్త్రి షెడ్డు తాళంచెవి డాక్టరుగారి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని తడిమి చూసుకున్నారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"రేపైనా మర్చిపోకుండా జేబులో వేసుకోండి" అంది భార్య వంటింట్లోంచి.

కిటికీ గట్టు మీద గోళ్ళరంగు సీసా ఉంది, ఇంకా సగం రంగుతో, మూత గట్టిగా బిగించి.