అందరికీ ఒక్కటే

ఓగ్న్యాన్ రెండు చేతుల్లో రెండు ఫోన్లు పట్టుకుని బొటనవేళ్ళను ఒకేసారి దించాడు. పొద్దుటినుంచి ఇది నలభయ్యోసారి. వర్నా ఊరికి వెళ్ళే బస్సుకు ఒక టికెట్టు ఇవాన్ పేర, ఇంకొకటి మరియా పేర రావాలి. బుద్ధిగా అలాగే వచ్చాయి. "నేను చూస్తుంటే మాత్రం రాడు, దొంగ సచ్చినోడు," అని సైటులో దొరకని ఆ తప్పును తిట్టుకుంటూ గొణుక్కున్నాడు.

అరవై నాలుగేళ్ళ మనిషి. బట్టతల, మోచేతుల దగ్గర అరిగిన స్వెటరు, కాళ్ళకు ఇంటి చెప్పులు. రూసె ఊళ్ళో ఈ బస్సు టికెట్ల సైటును పద్దెనిమిదేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నాడు. ఇవాళ ఉద్యోగంలో ఆఖరి రోజు. ఇంకొకడైతే పదింటికల్లా బల్ల సర్దేసుకునేవాడు. ఈయనకు పెళ్ళివారొచ్చినంత హడావిడి.

రద్దీ పెరిగిన ఈ వారం మూడుసార్లు ఒకరి టికెట్టు మీద మరొకరి పేరు వచ్చింది. సైటులో ఆ టికెట్ల పేజీని చివరగా మార్చింది జోర్నిత్సా. చేరి ఆరు నెలలు, ఉద్యోగం ఖాయమయ్యేదీ లేనిదీ ఇవాళ తేలుతుంది. నాలుగింటికి మేనేజరు ప్లామెన్ బస్సు కంపెనీకి రాసే సంజాయిషీలో ఎవరి పేరుంటుందో అందరికీ తెలుసు. పాపం, ఆ పిల్ల కాఫీ కూడా ముట్టలేదు.

"నా కోడ్ ముప్ఫైసార్లు చూసుకున్నానండీ," అంది.

"నీ దాంట్లో లేదులే. ఇలా రా. ఆ ఫోను నువ్వు పట్టుకో. మూడు అనగానే నొక్కు."

నొక్కారు. మరియా టికెట్టు మీద ఇవాన్ పేరు.

ఓగ్న్యాన్‌కు ఒళ్ళు ఝల్లుమంది. ఇక ఆయన వేళ్ళు ఆగలేదు. ఫైలు వెంట ఫైలు తెరుస్తూ పది నిమిషాల్లో పట్టేశాడు. ప్రయాణికుడు రాగానే ప్రోగ్రాములో అతని కోసమే పుట్టి, పేరు దాచి, టికెట్టు ఇచ్చాక పోవలసిన వస్తువది. అది కాస్తా సైటంతటికీ ఒక్కటే అయి, చావకుండా కూర్చుంది. అందులో ఒకరి పేరు రాసి చదివేలోగా పక్కవాళ్ళ పేరు వచ్చిపడుతోంది. పంక్తి మొత్తానికి ఒకే విస్తరి వేసిన చందం.

"ఒక్క మాట మారిస్తే చాలు. చూశావా, ఎంత చిన్నదో!" అన్నాడు, పసివాడిలా మురిసిపోతూ.

ఆ మాట ఎవరు రాశారో చూశాడు. పోయిన చలికాలం, ఓగ్న్యాన్.

ఉమ్మడి వస్తువులో ఒకరి పేరు పెట్టకూడదన్నది కొత్తవాళ్ళకు ఆయన చెప్పే మొదటి పాఠం. చెప్పేవి శ్రీరంగనీతులు. అది రాసిన సాయంత్రం బస్సుకు ఆలస్యమై, రేపు మారుద్దామనుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది. అయినా దొరికిన సంతోషం సిగ్గును మించిపోయింది.

సంగతి చెబితే ప్లామెన్ తల పట్టుకున్నాడు. "వెళ్ళేరోజున మీకెందుకండీ ఈ మకిలి? ఎవరి పేరూ రాయన్లెండి."

"రాయకపోతే అందరూ ఆ పిల్లనే అనుకుంటారు. నా పేరే రాయండి."

ప్లామెన్ రాశాడు. జోర్నిత్సా ఉద్యోగం ఖాయం చేసిన కాగితం మీద కూడా అప్పుడే సంతకం పెట్టాడు.

ఆనవాయితీ ప్రకారం వెళ్ళేవాళ్ళే తక్కినవాళ్ళ నోరు తీపిచేయాలి గదా. ఓగ్న్యాన్ తనతో కలిపి తొమ్మిదిమందికి తొమ్మిది చాక్లెట్లున్న పెట్టె తెచ్చాడు. అందరూ తలా ఒకటి తీసుకున్నారు. ఆయన మాత్రం జోర్నిత్సా కుర్చీ పక్కన నిలబడి, ఏది ఎప్పుడు పుట్టాలో ఎప్పుడు పోవాలో చేతులూపుతూ చెబుతూనే ఉన్నాడు. ఐదున్నరకు గడియారం చూసి, బస్సు పోతుందంటూ కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు. వీడ్కోలు ప్రసంగం ప్లామెన్ జేబులోనే ఉండిపోయింది.

ఖాళీ బల్ల మీద పెట్టె తెరిచే ఉంది. ఎనిమిది గుంతలు ఖాళీ. తొమ్మిదోదాంట్లో ఆయన వంతు చాక్లెట్టు, బంగారు కాగితం విప్పకుండా.