మోకులో పాత పేట

లెంబాటా దీవిలో తిమింగలాలు వేటాడే ఆ ఊళ్లో బల్లానికి కట్టిన మోకు తెగితే ఎవరూ మోకును చూడరు, ఇంటిని చూస్తారు. బల్లెం విసిరేవాడి ఇంట్లో కలహముంటే సముద్రం ఊరుకోదని తాతలనాటి నమ్మకం. మోకులు పేనే కనిసియుస్‌ను ఆ నమ్మకమే కాపాడింది.

కిందటి వేటకాలంలో కొత్త నార చాల్లేదు. కల్లుకు పోయే తొందరలో అతను మోకుకు మెలివేసే మూడు పేటల్లో ఒకదాన్ని పాత మోకులోంచి లాగి కలిపేశాడు. బల్లెం దిగిన తిమింగలం ఒక్క గుంజు గుంజేసరికి మోకు తెగింది. తెగిన ముక్క తిమింగలంతోపాటే పోయింది. బల్లెం విసిరింది గోరిస్, కనిసియుస్‌కు బావ. అతన్ని పడవ ముందు నుంచి దించి వెనక తెడ్డు దగ్గర కూర్చోబెట్టారు. అతని భార్య, కనిసియుస్ అక్క మీనా నోటి దురుసు వల్లే ఊరికి మాంసం లేకుండా పోయిందన్నారు. గోరిస్ ఆమెతో మాట మానేశాడు. కనిసియుస్ మాత్రం ఆ అక్క చేతి మొక్కజొన్నే రోజూ తింటున్నాడు. సిగ్గుపడ్డంత మాత్రాన ఆకలి ఆగదు కదా.

వేట మొదలుపెట్టే పూజకు ముందురోజు ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాడు. పూజ ఎగ్గొట్టానన్నాడు, కల్లు తాగానన్నాడు.

"ఇంకా?" అన్నారు ఫాదర్.

మోకు సంగతి చెప్పేశాడు.

"మీరే అందరికీ చెప్పండి ఫాదర్. మీ మాటైతే నమ్ముతారు."

"ఇక్కడ విన్నది నాతోనే సమాధిలోకి పోతుంది నాయనా. మనసారా పశ్చాత్తాపపడుతున్నావా?"

"కంటికి కునుకు లేదు ఫాదర్."

"అయితే దేవుడు క్షమిస్తాడు, సందేహం పెట్టుకోకు. కానీ మీ అక్క మంచిపేరు నీ దగ్గరుంది. దొంగసొత్తు ఇంట్లో దాచుకుని దండం పెడితే ఏం లాభం? తిరిగిచ్చెయ్."

"ఇంకో నాలుగు జపాలు ఎక్కువ చెప్పుకుంటాను…"

"జపాలతో మోకు అతుకుతుందా?"

కనిసియుస్ సరేనని తలూపాక ఫాదర్ పాపవిమోచన ప్రార్థన చెప్పి సిలువ గుర్తు వేశారు. గుమ్మం దాకా ప్రాణం తేలిగ్గానే ఉంది. గుమ్మం దాటాక అక్క ముఖం గుర్తొచ్చి ఆ తేలిక కాస్తా పోయింది.

మర్నాడు సముద్రపు ఒడ్డున, పూజకు ముందు, కలహించినవాళ్లు ఒకరినొకరు క్షమాపణ అడగాలి. అందరికంటే ముందు మీనా వచ్చి మొగుడి ముందు ఇసుకలో మోకరించింది.

"నేనేం చేశానో నాకే తెలీదయ్యా. అయినా తప్పు నాదే అనుకో. నన్ను క్షమించి పడవ ముందుకెళ్లు."

కనిసియుస్ నోరు మూసుకుంటే చాలు, అంతా దానంతటదే సర్దుకుపోతుంది. సైతాను చెవిలో ఊదే మాటలు ఇంత తియ్యగానే ఉంటాయి.

"లే అక్కా!" అని అరిచాడు కనిసియుస్. "తెగింది నా మోకు. పాత పేట కలిపాను. కల్లు కోసం."

గోరిస్ పిడికిలెత్తాడు. మోకరించిన భార్యను చూసి ఆ పిడికిలి దిగిపోయింది. ఆమెను అనుమానించినవాళ్లలో తనూ ఉన్నాడు మరి.

మీనా లేచి తమ్ముడి దగ్గరకొచ్చింది. "వానాకాలమంతా నా చేతి ముద్ద తిన్నావు కదరా. ఒక్కసారైనా గొంతుకు అడ్డం పడలేదా?"

"పడింది అక్కా. మింగేశాను."

ఆమె చాలాసేపు ఏడ్చి కళ్లు తుడుచుకుంది. "క్షమించానులే. పోయి నార తియ్యి. మీ బావకు కొత్త మోకు కావాలి."

పూజ అయ్యాక పేనడం మొదలుపెట్టారు. రెండో కొస మీనాయే పట్టుకుంది. అతను అందించిన ప్రతి పేటనూ కాలికింద తొక్కిపట్టి, రెండు చేతులా గుంజి చూసింది. ఆమె చూడటం అయ్యేదాకా కనిసియుస్ తల వంచుకుని ఆగి, అప్పుడు మెలి వేశాడు.