యమునా టైగర్ మొదటి గురి

లక్ష్మీపతికి నలభై నిండగానే బీపీ వచ్చింది. ఏదైనా సరదా వ్యాపకం పెట్టుకోమన్నాడు డాక్టరు. ఘాజియాబాద్‌లో వాళ్ళ సొసైటీ మగవాళ్ళందరూ పొద్దున్నే పార్కులో నడుస్తారు. ఆఫీసులో అంతమంది ఇంజనీర్ల మీద పెత్తనం చేసే మనిషికి అంత మామూలు పని నప్పుతుందా? అందుకని కౌబాయ్ అవుదామనుకున్నాడు.

గ్రేటర్ నోయిడా అవతల ఒక ఫార్మ్‌హౌస్‌లో ఆదివారాలు కౌబాయ్ షూటింగ్ జరుగుతుంది. పాతకాలం వేషం వేసుకుని, పాతకాలం మోడల్ ఎయిర్ పిస్తోలుతో ఇనప పలకల్ని ఎవరు త్వరగా కొడితే వాళ్ళు గెలిచినట్టు. ప్రతివాళ్ళకీ ఒక మారుపేరు ఉండాలి.

గురి సంగతి తర్వాత చూసుకోవచ్చని లక్ష్మీపతి ముందు టోపీ, తోలు బూట్లు, కోటు కొన్నాడు. ఆఫీసు మీటింగుల్లో కూడా తీవ్రంగా ఆలోచించి "యమునా టైగర్" అని పేరు ఖాయం చేసుకున్నాడు.

"ఏవండీ, ఇంత ఎండలో ఆ కోటేంటండీ?" అంది భార్య ప్రవల్లిక.

"కౌబాయ్‌లు ఎండకి భయపడరు."

"వాళ్ళకి బీపీ లేదు కదండీ."

క్లబ్బులో నేర్పించే సుధీర్‌ది వరంగల్. "అన్నా, ముందుగాల ఇది ఇను. గన్ మూతి ఎప్పుడూ పలకల దిక్కే ఉండాలె. ఎంత సంబురమైనా ఎనుకకు తిరగొద్దు" అన్నాడు.

"తెలుసు, తెలుసు" అన్నాడు లక్ష్మీపతి, సెల్ఫీకి టోపీ సర్దుకుంటూ.

వెనక కుర్చీల్లో ప్రవల్లిక, మిగతావాళ్ళు చూస్తుండగా పోటీ మొదలైనట్టు బీప్ మోగింది. ట్రిగ్గర్ నొక్కాడు. ఏమీ కాలేదు.

"గన్ పాడైంది!"

"పాడు గాలే అన్నా. కాల్చే ముంగట ప్రతిసారి బొటనేలుతోని ఎనుక మీట గుంజాలె. ఇప్పుడే చెప్పిన గదా!"

మీట లాగాడు. మొదటి గుండు గడ్డిలోకి పోయింది. తర్వాతి రెండూ ఎటు పోయాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ తర్వాతది టంగుమని మోగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ ప్రమోషనూ అతనికి అంత ఆనందం ఇవ్వలేదు.

"ప్రవల్లికా, చూశావా!" అంటూ గన్‌తో సహా వెనక్కి తిరిగాడు.

చూస్తున్నవాళ్ళంతా నేలమీద పడుకున్నారు. సుధీర్ ఒక్క అంగలో వచ్చి అతని మణికట్టు పట్టుకుని ముందుకు తిప్పేశాడు.

"నువ్వు ఇయ్యాల్టి పోటీల నుంచి అవుటన్నా. ఇంకోటి, నువ్వు కొట్టింది నీ పలక గాదు. పక్కోళ్ళది."

ఇద్దరూ కారులో ఇంటికి బయల్దేరారు.

"సరిగ్గా నా వైపే తిప్పారండీ. నిజంగా భయమేసింది" అంది ప్రవల్లిక మెల్లగా.

లక్ష్మీపతి కారు పక్కకి ఆపాడు. "తప్పయింది" అన్నాడు. పెళ్ళయ్యాక ఆ మాట తర్వాత "కానీ" అనకపోవడం అదే మొదటిసారి.

మరుసటి ఆదివారం యమునా టైగర్ పాత టీషర్టులో వెళ్ళాడు. పొద్దంతా ఖాళీ గన్ ఎత్తడం, దించడం, బల్ల మీద పెట్టడం, అంతే. ప్రవల్లిక రాలేదు. రమ్మనడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఆ పై ఆదివారం ఆమే బయల్దేరింది. కుర్చీ బాగా వెనక్కి వేయించుకుంది.

ఈసారి మోగింది అతని పలకే. గన్ మూతి ముందుకే ఉంచి బల్ల మీద పెట్టాడు. చేతులు రెండూ ఖాళీ అని చూసుకుని, అప్పుడు వెనక్కి తిరిగాడు.

ప్రవల్లిక ఫోన్ చూసుకుంటోంది.

"అయిందా? ఆకలేస్తోంది, పదండి" అంది.