కెమెరా కంట పడని బావి

తమిళ సినిమావాళ్ళ పేట సాలిగ్రామంలో మరకతమ్మకు రోజు మొదలయ్యేది కాఫీతో కాదు, బిందెలతో. నీళ్ళ లారీ వీధి మొగలో హారన్ కొట్టిందంటే చాలు, జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తాల్సిందే. ముందు నిలబడ్డవాళ్ళకి నీళ్ళు, వెనక నిలబడ్డవాళ్ళకి తిట్లు. ఎదురింటి అంజుగం గట్టిది, తోసుకుంటూ పోయి రెండు బిందెలు నింపుకునేది. మరకతమ్మకు నోరుంది గానీ మోకాళ్ళలో సత్తువ లేదు.

"బోరు ఇంకాస్త లోతుకు దింపించకూడదూ అక్కా?" అంది అంజుగం ఆ పొద్దున.

"దింపించానే. ఇంకా దింపితే పాతాళంలోవాళ్ళు పైకొచ్చి అద్దె అడుగుతారు."

నవ్వింది గానీ లోపల గుబులు. ఆ ఇంట్లో సగం వాటా మరిది సభాపతిది. తాంబరంలో ఉంటాడు. పాత ఇల్లు కూలగొట్టి ఫ్లాట్లు కడతానంటున్న బిల్డరు అతని చెవిలో ఇల్లు కట్టుకున్నాడు. మరిది చెడ్డవాడు కాడు. "నీళ్ళు లేని ఇంట్లో ఎన్నాళ్ళు దేవులాడతావు వదినా?" అని అడిగాడు. తమిళుల ఆషాఢమైన ఆడి మాసంలో, మంచిది కాదని, ఎవరూ సంతకాలు పెట్టరు కాబట్టి, ఆడి రాకముందే నీళ్ళు పడకపోతే ఇల్లు ఇచ్చేద్దామని మాటిచ్చేసింది. మొగుడు పోయాక ఆ ఇల్లే ఆవిడకు తోడు, ఆ ఇల్లే తిండి. షూటింగులకు అద్దెకిచ్చుకుని బతుకుతోంది.

అందులోనూ రీమేకులకు ఆ ఇంటిని మించింది ఆ చుట్టుపక్కల లేదు. వేరే భాష సినిమా హక్కులు కొనుక్కొచ్చి అక్కడ కొబ్బరికాయ కొడితే, తెల్లారేసరికి అసలు సినిమాలోని ఇల్లు ఆ ఇంట్లో మొలిచేది. హిందీ అయితే పాలరాతి వసారా. కన్నడమైతే పెరటినిండా కాఫీ మొక్కలు. తెలుగైతే హాలు మధ్యలో ఏనుగు దిగేంత మెట్లు. కోటేసుకున్న తండ్రి గుండె పట్టుకుని దిగడానికి ఆ మాత్రం వెడల్పు ఉండొద్దూ? సెట్టు ఖర్చు మిగులుతుంది గనక నిర్మాతలు ఆ ఇంటికి కళ్ళకద్దుకుని వచ్చేవారు. షూటింగు ముగించి గుమ్మడికాయ కొట్టగానే, కెమెరా కంట పడినదంతా సినిమాతోపాటే వెళ్ళిపోయేది. కంట పడనిది ఉండిపోయేది. ఒక మరాఠీ సినిమాలో ఊయల పాట తమిళానికి అక్కర్లేదని వదిలేశారు. ఆ ఊయల ఇప్పటికీ హాల్లోనే ఉంది. మరకతమ్మ దాని మీద కూర్చునే కూరలు తరుగుతుంది.

నడివేసవి కత్తిరి ఎండలు మాడ్చేస్తుండగా చెట్టియార్ గారనే నిర్మాత ఒక మలయాళం సినిమా హక్కులు కొనుక్కొచ్చి కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు పొద్దుటికి పెంకుల అరుగులు, పనసచెట్టు, పెరట్లో ఓ మూల నాచుపట్టిన రాతి బావి. మరకతమ్మ చేద వేసి తోడి దోసిట పట్టి తాగింది. లేత కొబ్బరినీళ్ళే. మధ్యాహ్నానికల్లా వీధివీధంతా బిందెలతో పెరట్లో ఉంది. లారీవాడు హారన్ కొట్టి కొట్టి, పిలవని పేరంటానికి వచ్చినవాడిలా మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ సంబరం ఆ సాయంత్రం దాకే నిలిచింది. దర్శకుడు ఎళిల్‌వాణన్ కథ చెప్పాడు. కథానాయికను మొగుడు అనుమానిస్తాడు, నలుగురిలో నిందిస్తాడు, ఆఖరికి ఆమె బావిలో దూకుతుంది. బావి కనిపించేది ఆ చివరి సీనులోనే. అంటే షూటింగు నడిచినన్నాళ్ళూ నీళ్ళు, గుమ్మడికాయ కొట్టిన రోజున ఎండు మట్టి.

ఎళిల్‌వాణన్ తీసినవన్నీ రీమేకులే. పక్కన అసిస్టెంటు లాప్‌టాప్‌లో అసలు సినిమా పెట్టుకుని కూర్చునేవాడు. "సార్, ఒరిజినల్‌లో చెంబు ఎడమ చేతిలో ఉంది" అంటే ఎడమ చేతిలోకి మారాల్సిందే. అక్కడ కాకి అరిచి ఇక్కడ అరవకపోతే మళ్ళీ టేక్. అలాంటివాడు చావును మారుస్తాడా? మరకతమ్మకు రోజూ కథానాయిక వేషం కట్టిన పిల్ల ఏడుపు సీన్లు చూస్తుంటే, ఏడ్చేది ఆ పిల్లో తానో తెలిసేది కాదు.

ఆఖరి రోజున గడ్డి కూరి ఒక బొమ్మను చేసి తెచ్చారు. నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు బిందెలు దించి అడ్డం నిలబడ్డారు.

"చావు పడ్డ బావిలో నీళ్ళు ఎవరు తాగుతారు సార్?" అంది అంజుగం.

"పడేది మనిషి కాదమ్మా, గడ్డిబొమ్మ," అన్నాడు ఎళిల్‌వాణన్.

"చీర కట్టారా? జడ వేశారా? జడలో మల్లెపూలు కూడా పెట్టారు. ఇంకేం తక్కువ దానికి?"

చెట్టియార్ గారూ ఇదే అదనుగా అందుకున్నారు. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా. మదురైలో ఈ చావు చూసిన ఆడవాళ్ళు మర్నాడు ఇంకో పదిమందిని రావద్దంటారయ్యా."

"కేరళలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు సార్."

"వాళ్ళు అలా లేచి ఇంటికెళ్ళారేమో ఎవడు చూశాడు?"

ఎళిల్‌వాణన్ మొండికేశాడు. ఒరిజినల్‌లో ఉన్నది ఉన్నట్టే తీస్తాను, లేకపోతే తీయనన్నాడు. విసవిసా హాల్లోకి వెళ్ళి ఊయల మీద కూర్చున్నాడు. మరకతమ్మ కాఫీ పట్టుకెళ్ళి ఇచ్చింది.

"నాకు దాచడం చేతకాదు తంబీ. ఆ బావి కెమెరా కంట పడితే నాకు నీళ్ళుండవు. నీళ్ళు లేకపోతే ఈ ఇల్లుండదు. నా స్వార్థం కోసమే అడుగుతున్నా. ఆ పిల్లని దూకనివ్వకు."

అతను కసురుకుంటాడనుకుంది. కానీ అతను తల దించుకున్నాడు.

"దూకకపోతే ఏం చేస్తుందో నాకు తెలీదమ్మా. అక్కడితో ఒరిజినల్ అయిపోతుంది. తర్వాత పేర్లు పడతాయి." గొంతు తగ్గించాడు. "నేను సొంతంగా ఒక్క సీనూ తీయలేదు. భయం."

మరకతమ్మకు జాలేసింది. ఇన్నాళ్ళూ కాకి కోసం అందర్నీ కాల్చుకు తిన్నది ఈ భయమేనా!

"ఏం చేస్తుందేమిటయ్యా? రాత్రంతా ఏడుస్తుంది. తెల్లారాక నీళ్ళు తోడుకుంటుంది, ఎవరో ఒకరు తోడాలి కదా. తల మీంచి పోసుకుని, కాఫీ కలుపుకుని తాగుతుంది. నీ కథలో ఆ ఇల్లెవరిది?"

"ఆమెదే. అమ్మ ఇచ్చిన ఇల్లు."

"మరి ఆ పిల్ల ఎందుకు పోవాలి? నింద వేసినవాడి పెట్టె తెచ్చి వీధిలో పెడుతుంది. పొమ్మని అరవక్కర్లేదు. పెట్టె పెట్టి తలుపేసుకుంటే చాలు, ఎంత వెధవకైనా అర్థమవుతుంది."

అతను చాలాసేపు ఊయల ఊగాడు. కాఫీ చల్లారిపోయింది. లేచి వెళ్ళి అసిస్టెంటు ఒళ్ళోని లాప్‌టాప్ తనే మూశాడు.

కెమెరాను వీధి అరుగు మీద, పెరటికి వీపు పెట్టించి నిలబెట్టారు. కథానాయిక తడి తలతో వచ్చింది. అసిస్టెంటు ఊరుకోలేక, "సార్, తల తడిసింది కదా, బావి దగ్గర ఒక్క చిన్న షాట్..." అన్నాడు.

ఎళిల్‌వాణన్ పెరటివైపు చూశాడు. మరకతమ్మ వైపు చూడలేదు.

"వద్దు. తడి తల చాలు."

ఆ పిల్ల పెట్టె తెచ్చి వీధిలో పెట్టింది. తలుపేసుకుంది. కట్ చెప్పాక ఎళిల్‌వాణన్‌కు ఏం చేయాలో తోచలేదు. సరిపోల్చుకోవడానికి ఏదీ లేదు. బాగుందో లేదో ఎవరైనా చెబుతారేమోనని అందరి మొహాలూ చూశాడు.

"పెట్టె మీద వాడి చెప్పులు కూడా పెట్టించండి సార్!" వీధిలోంచి అరిచింది అంజుగం.

మళ్ళీ తీశారు. ఈసారి చెప్పుల జత పెట్టె మీద పెట్టి, ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, వాటిని తిన్నగా సర్ది మరీ లోపలికి వెళ్ళింది. సర్దమని ఎవరూ చెప్పలేదు. ఎళిల్‌వాణన్ కట్ చెప్పడం మరిచిపోయాడు. చెట్టియార్ గారు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుని, పైకి మాత్రం, "ఫిలిం దండగ, రెండుసార్లు తీశాడు" అని గొణిగారు.

గుమ్మడికాయ కొట్టే వేళకు సభాపతి వచ్చాడు. మర్నాడే ఆడి. బిల్డరును కారులో కూర్చోబెట్టి లోపలికొచ్చాడు. కాయ మీద కర్పూరం వెలిగించి తిప్పి నేలకేసి కొట్టారు. పెంకులు పోయాయి, అరుగులు పోయాయి, పనసచెట్టు పండ్లతో సహా పోయింది.

మరకతమ్మ పెరట్లోకి వెళ్ళలేకపోయింది. కెమెరా చూసుండదు, తనకు తెలుసు. అయినా ఏ మూలనుంచో, ఏ కిటికీ అద్దంలోంచో చూసుంటే? గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. వంటిల్లు దాటి వెళుతున్న మరిది చెప్పుల చప్పుడు విన్నది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఇక అంతే, అనుకుంది.

అప్పుడు గిలక కిర్రుమంది. ఆ వెనకే, చాలా లోతునుంచి, బుడుంగుమని చేద మునిగింది.

సభాపతి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి, చొక్కా ముందంతా తడిసింది.

"చల్లగా ఉన్నాయి వదినా," అన్నాడు.

ఆవిడ అక్కడే కూలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఎన్నాళ్ళకో గుండె నిండా గాలి ఆడింది. సభాపతి పక్కన చతికిలబడి, ఆవిడ కుదుటపడేదాకా ఆగాడు.

"బయట బిల్డరు కాచుకుని ఉన్నాడు. ఏం చెప్పమంటావు?"

మరకతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎండన పడి వచ్చాడు పాపం. ఓ చెంబు నీళ్ళివ్వు."